దగ్గర దగ్గరగా కదలు వస్తువుల జాడ పట్టుట ఎట్లు?

2017 ఫిబ్రవరి 15వ తేదీ ఉదయమున శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి37 అను రాకెట్టు ఒకేసారి 104 ఉపగ్రహములను ఆకాశమునకు కొనిపోయెను. వానిలో 88 ఉపగ్రహములు ఒకే అమెరికా సంస్థ తయారు చేసినవి. అవి ఒకే అచ్చున పోసినట్లుండెను; ఒక్కొక్కటి సుమారు ఐదు కిలోల బరువు మాత్రమే. రాకెట్టు నుండి విడివడిన పిమ్మట అవి భూమికి సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైబడిన వేగముతో, దగ్గర దగ్గరగా పరుగెత్తసాగెను. భూమి మీది రాడారు పంపిన రేడియో తరంగములు వానికి తగిలి తిరిగి వచ్చును. కాని ఆ ప్రతిధ్వనిపై ఏ ఉపగ్రహపు పేరును వ్రాసియుండదు. నిన్న చూచిన చుక్కయు, నేడు చూచిన చుక్కయు ఒకే వస్తువా, లేక దాని పొరుగు వస్తువా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు విద్య సాంఖ్యక శాస్త్రములో ఒక ముఖ్యమైన శాఖయై యున్నది. ఆకాశమునకు ఎక్కుటకు ముందు, మనకు పరిచయమైన నదిలో ఈ విషయమును చూతము.

నదిలో రెండు దీపములు

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న మన రాయచూరు సీమలో పుట్టిని ఎరుగనివారు అరుదు. వెదురు బద్దలతో బుట్టవలె అల్లి, నీరు చొరకుండ అడుగున కప్పు వేసిన గుండ్రని పడవయే పుట్టి. చీకటి రాత్రి రెండు పుట్లు ప్రవాహము వెంట వచ్చుచున్నవనియు, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క లాంతరు వెలుగుచున్నదనియు అనుకొందము. మొదటి పుట్టిలో వైద్యుని వద్దకు చేర్పవలసిన రోగి యున్నాడు. రెండవదానిలో సంతకు పోవు ధాన్యపు బస్తాలున్నవి. ఒడ్డున నిలిచినవాడు నిమిషమున కొకసారి దీపములున్న చోటులను గుర్తించి, రోగి యున్న పుట్టి ఎప్పుడు ఏ రేవునకు చేరునో ముందుగా చెప్పవలయును. బండి ఆ రేవు వద్దనే సిద్ధముగా నుండవలయును గదా! చీకటిలో పుట్లు కనబడవు. దీపములు మాత్రమే కనబడును. ఆ దీపములు రెండును ఒకే తీరున నున్నవి.

ఈ పనిలో నాలుగు చిక్కులు కలవు. మొదటిది, కంటితో వేసిన దూరపు లెక్కలో కొంత తప్పు ఉండక మానదు. రెండవది, ఒక్కొక్కప్పుడు రాతిగుండు అడ్డువచ్చి దీపము కనబడకపోవచ్చును. మూడవది, నీటిలోని ప్రతిబింబమో, ఒడ్డున చేపలు పట్టువాని దీపమో కంటబడి, లేని పుట్టి యున్నట్లు భ్రమ కలుగవచ్చును. ఈ మూడు చిక్కులు ఒకే పుట్టి యున్నప్పుడును కలుగును. నాలుగవది మాత్రము పుట్లు రెండై, దగ్గరపడినప్పుడే పుట్టును. అది “ఏ దీపము ఏ పుట్టిది?” అను ప్రశ్న.

ఇచట “దగ్గర” అను మాటకు అర్థమును తెలిసికొనవలయును. మన లెక్కలో నాలుగైదు మీటర్ల తప్పు మాత్రమే రాగలిగి, పుట్ల నడుమ ఐదు వందల మీటర్లున్నచో తికమక లేదు. వాని ఎడము మన తప్పుతో సమానమగునంతగా తగ్గినప్పుడే అవి “దగ్గర దగ్గర” వస్తువులగును. కావున దగ్గరితనము వస్తువులలో మాత్రమే లేదు. చూచువాని సందేహములో కూడ ఉన్నది.

ఊహించుట, చూచుట, సరిదిద్దుట

మొదట ఒకే పుట్టిని తీసికొందము. గడచిన నిమిషమున అది ఒక గుర్తు నుండి 80 మీటర్ల దూరమున నుండెను. దాని వేగము నిమిషమునకు 20 మీటర్లు. కనుక ఇప్పుడది 100 మీటర్ల వద్ద నుండవలయునని ఊహింతుము. కాని నీటి పోటు ఎల్లప్పుడు ఒకే తీరుగా నుండదు; ఊహలో తప్పు రావచ్చును. చూడగా దీపము 108 మీటర్ల వద్ద కనబడినది. చూపులోను తప్పు ఉండవచ్చును. రెంటిలో దేనిని నమ్మవలయును?

రెంటిని నమ్మవలయును, కాని వాని వాని యోగ్యతను బట్టి నమ్మవలయును. తప్పుల వర్గముల సరాసరిని సాంఖ్యకులు “విస్తృతి” అందురు. విస్తృతి ఎంత తక్కువైన, ఆ సమాచారము అంత నమ్మదగినది. మన ఊహకు విస్తృతి 12 అనియు, చూపునకు విస్తృతి 4 అనియు అనుకొందము. అప్పుడు ఊహకు ఒక పాలు, చూపునకు మూడు పాళ్లు విలువ ఇయ్యవలెను. 100 ఒకసారి, 108 మూడుసార్లు కలిపి నాలుగుచే భాగించిన 106 వచ్చును. అదియే సరిదిద్దిన అంచనా. దీని విస్తృతి 3 మాత్రమే యగును. అనగా ఊహకంటెను, చూపుకంటెను ఈ అంచనా మేలైనది. ఈ 106 నుండి మరల తరువాతి నిమిషమునకు ఊహింతుము; మరల చూతుము; మరల సరిదిద్దుదుము.

ఈ పద్ధతిని ఎల్లవిధముల కదలికలకు వర్తించునట్లు చక్కని గణితముగా కూర్చి, హంగేరీ దేశమున జన్మించిన రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రచురించెను. చంద్రునిపైకి మానవులను పంపిన అపోలో నౌకల మార్గ నిర్ణయమున ఇది ఉపయోగపడెను. దీనిని “కాల్మన్ వడపోత” అందురు. నీటి నుండి మడ్డిని వడగట్టినట్లు, కొలతల నుండి తప్పులను వడగట్టుట వలన దానికి ఆ పేరు తగియున్నది.

దూరమునకు క్రొత్త కొలబద్ద

ఇక రెండవ పుట్టిని చేర్తము. చూచిన దీపము మన ఊహకు దగ్గరగా నున్నచో అది ఆ పుట్టిదే యనుట సహజము. కాని దగ్గర, దూరము అను వానిని వట్టి మీటర్లలో కొలువరాదు. ప్రవాహము వెంట పుట్టి ముందు వెనుకలగుట సులభము; అడ్డముగా జరుగుట కష్టము. ప్రవాహము వెంట మన సందేహము 8 మీటర్లనియు, అడ్డముగా 2 మీటర్లనియు అనుకొందము. ఒక దీపము ఊహించిన చోటికి 8 మీటర్లు దిగువన కనబడినది. వేరొకటి 6 మీటర్లు అడ్డముగా కనబడినది. మీటర్లలో రెండవదియే దగ్గర. కాని సందేహముతో భాగించి చూడగా మొదటిది ఒక పాలు దూరము మాత్రమే, రెండవది మూడు పాళ్ల దూరము. కావున 8 మీటర్ల దీపమే మన పుట్టిది యగుటకు ఎక్కువ అవకాశము కలదు.

ఇట్లు సందేహముతో తూచి కొలిచెడి దూరమును మన దేశీయుడే కనిపెట్టెను. కలకత్తాలో 1931లో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1936లో దీనిని ప్రకటించెను. ఆయన దీనిని మనుష్య సమూహముల శరీర కొలతలను పోల్చుటకై కల్పించెను. నేడు రాడారు యంత్రములలో, ఊహించిన చోటు చుట్టును ఈ దూరముతో ఒక కంచె గీయుదురు. కంచెకు వెలుపల పడిన చుక్కను ఆ వస్తువుదిగా లెక్కింపరు. ప్రతిబింబములు, పరాయి దీపములు చాలవరకు ఇచటనే తొలగిపోవును.

ఈ దూరమును ప్రయోగించి పేరుగాంచినవారిలో మన తెలుగువారొకరు కలరు. కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1920 సెప్టెంబరు 10న హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో నుండెను. ఇప్పుడు కర్ణాటకలోని విజయనగర జిల్లాలో నున్నది. మన తుంగభద్రా తీరపు ప్రాంతమే యది. వారు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము నేర్చి, 1941లో కలకత్తా సంస్థలో చేరిరి. 1946లో కేంబ్రిడ్జికి పోయి, సూడాను దేశములోని జెబెల్ మోయా త్రవ్వకములలో దొరికిన ప్రాచీన అస్థిపంజరముల కొలతలను మహలనోబిస్ దూరముతో పరిశీలించిరి. ఒకదానితో ఒకటి కలిసిపోయినట్లున్న సమూహములను వేరుపరచుటయే అచటను సమస్య. ఎముకల విషయమున పనిచేసిన కొలబద్దయే దీపముల విషయమునను, ఉపగ్రహముల విషయమునను పనిచేయుచున్నది.

ఒక్కొక్కటిగా కాదు, అన్నిటిని కలిపి

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. రోగి యున్న పుట్టి 100 మీటర్ల వద్దను, ధాన్యపు పుట్టి 104 మీటర్ల వద్దను ఉండవలయునని మన ఊహ. చూడగా దీపములు 103 మీటర్ల వద్ద నొకటి, 107 మీటర్ల వద్ద నొకటి కనబడినవి. ఏది ఎవరిది?

తొందరపాటువాడు అన్నిటికంటె దగ్గరి జతను మొదట పట్టుకొనును. 104కును 103కును ఒక్క మీటరే ఎడము. కనుక 103 ధాన్యపు పుట్టిది అనును. ఇక మిగిలిన 107ను రోగి పుట్టికి అంటగట్టవలసి వచ్చును; అచట ఎడము 7 మీటర్లు. ఎడముల వర్గములను కూడిన 1, 49 కలిసి 50 అగును. రెండవ విధముగా, 103ను రోగి పుట్టికిని, 107ను ధాన్యపు పుట్టికిని ఇచ్చినచో ఎడములు మూడేసి మీటర్లు. వర్గముల మొత్తము 9, 9 కలిసి 18 మాత్రమే. ఒక్క జతను చూచినప్పుడు మేలుగా తోచినది, మొత్తమును చూచినప్పుడు కీడైనది! కావున జతలను ఒక్కొక్కటిగా గాక, అన్నిటిని కలిపి ఎన్నుకొనవలయును.

రెండు దీపములకు జత కూర్చు విధములు 2, మూడింటికి 6, పదింటికి 36,28,800. అన్నిటిని పరీక్షింప పనిలేకుండ ఉత్తమమైన కూర్పును చేరు ఉపాయమును హెరాల్డ్ కూన్ 1955లో ప్రకటించెను. తనకు ముందు హంగేరీ గణితవేత్తలు చేసిన కృషిపై ఆధారపడినందున అతడు దానికి “హంగేరీ పద్ధతి” యని పేరిడెను.

తీర్పు చెప్పుటకు తొందర వలదు

18 మొత్తమైన కూర్పు మేలైనదే. కాని ఎంత మేలైనది? ఊహ విస్తృతి 12, చూపు విస్తృతి 4 కలిసి 16. గౌస్ పేరిట ప్రసిద్ధమైన ఘంటాకార వక్రరేఖను బట్టి లెక్క చూడగా, మొదటి కూర్పు రెండవదానికంటె 2.718 రెట్లు సంభావ్యమని తేలును. అనగా నూటికి 73 పాళ్లు మొదటిది, 27 పాళ్లు రెండవది నిజము కావచ్చును. నాలుగింట ఒకసారికి మించి తప్పగల తీర్పును నమ్మి బండిని పంపుట క్షేమము కాదు.

ఇచట శాస్త్రజ్ఞులు రెండు త్రోవలు త్రొక్కిరి. మొదటిది, రెండు కూర్పులను వాని సంభావ్యతను బట్టి కలిపివేయుట. రోగి పుట్టికి 103కు 73 పాళ్లును, 107కు 27 పాళ్లును ఇచ్చిన 104.08 వచ్చును, ధాన్యపు పుట్టికి 105.92 వచ్చును. థామస్ ఫోర్ట్‌మన్, యాకోవ్ బార్-షాలోమ్, మాలీ షెఫే అనువారు 1983లో ప్రచురించిన పద్ధతి ఈ మార్గమునకు చెందినది. ఇది లెక్కకు తేలిక. ఒక్క తప్పుడు జతతో మునిగిపోదు. కాని దీనికొక దోషము కలదు. పై అంకెలను ఊహతో కలిపి సరిదిద్దగా రోగి పుట్టి 103.06 వద్దను, ధాన్యపు పుట్టి 105.44 వద్దను నున్నట్లు తేలును. ఊహలో ఎడము 4 మీటర్లు, చూపులోను ఎడము 4 మీటర్లు. అంచనాలో మాత్రము 2.38 మీటర్లే! రెండు జాడలు ఒకదాని నొకటి లాగుకొనినవి. పుట్లు చాలసేపు ప్రక్కప్రక్కనే సాగినచో రెండు జాడలును ఒకటైపోవు ప్రమాదము కలదు.

రెండవ త్రోవను డొనాల్డ్ రీడ్ 1979లో చూపెను. కూర్పులను కలుపక, రెండు కథలుగా వేర్వేరుగా నిలుపుకొనుటయే యది. “103 రోగిది” అనునది ఒక కథ. “107 రోగిది” అనునది వేరొక కథ. ఒక్కొక్క కథకు దాని సంభావ్యతను వ్రాసిపెట్టి, తరువాతి నిమిషములు తెచ్చు సాక్ష్యమునకై వేచియుందురు. మన పుట్ల విషయమే చూడుడు. తేలికైన రోగి పుట్టి నిమిషమునకు 20 మీటర్లు పోవుచున్నది. బరువైన ధాన్యపు పుట్టి 16 మీటర్లే పోవుచున్నది. ఒకటి రెండు నిమిషములలో దీపములు కలిసిపోయినట్లే కనబడవచ్చును. కాని ఐదు నిమిషములు గడచునప్పటికి వేగముల తేడా వలన రోగి పుట్టి 16 మీటర్లు ముందుండును. ముందు పోవు దీపము ధాన్యపు పుట్టిదే యని చెప్పు కథ నిలువవలెనన్నచో, ఆ పుట్టి హఠాత్తుగా వేగము మార్చుకొనియుండవలెను. రోగి పుట్టియు అదే వేళకు మందగించియుండవలెను. అట్టి కథకు నిమిషనిమిషమునకు బలము తగ్గును. ఒక్క చూపుతో తేలని తగవును కాలము తేల్చును.

ఈ పద్ధతికి కష్టము కథల సంఖ్య. నిమిషమునకు రెండు విధములైనచో పది నిమిషములకు 1,024 కథలగును. కావున బలము క్షీణించిన కథలను ఎప్పటికప్పుడు కత్తిరింతురు. తుదకు ఒకే స్థితికి వచ్చు కథలను కలిపివేయుదురు. గణనయంత్రముల శక్తి పెరిగిన కొలది ఈ పద్ధతి ఆచరణలో వ్యాపించినది.

మరల శ్రీహరికోటకు

శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, అటుపిమ్మట తిరుపతి జిల్లాలో చేరినది. అచట మన అంతరిక్ష సంస్థ ఒకేసారి పది వస్తువులను అనుసరింపగల రాడారును నెలకొల్పినది. దాని పలక తిరుగనక్కరలేకయే రేడియో పుంజమును క్షణములో ఒక దిక్కు నుండి మరియొక దిక్కునకు త్రిప్పగలదు. ప్రతి వస్తువునకు ఊహ, చూపు, కంచె, జత, సవరణ అను వరుస సాగవలసినదే.

ఆ 88 చిన్న ఉపగ్రహముల వంటివానిని గుర్తించుటకు పుట్ల విషయమున చెప్పిన ఉపాయమే ఆధారము. మొదట గుంపుగా నున్నను, వేగములోని స్వల్ప భేదముల వలన అవి క్రమక్రమముగా ఎడమగును. వాని యజమానులు కూడ ఉపగ్రహముల రెక్కలను త్రిప్పి, పలుచని గాలి ఒరపిడిని ఎక్కువ తక్కువ చేసి, వానిని కక్ష్యలో దూరదూరముగా సర్దుదురు. పనిచేయు ఉపగ్రహము తన రేడియో సంకేతముతో తన పేరు తానే చెప్పగలదు. కాని చచ్చిన ఉపగ్రహమునకును, విరిగిన ముక్కకును ఆ శక్తి లేదు. వాని జాడ సాంఖ్యక శాస్త్రమే పట్టవలయును.

ఈ పని ఎందులకని ఎవరైన అడుగవచ్చును. 2009 ఫిబ్రవరి 10న సైబీరియాకు పైన, సుమారు 790 కిలోమీటర్ల ఎత్తున, పనిచేయుచున్న ఇరిడియం-33 అను అమెరికా ఉపగ్రహమును, పని నిలిచిపోయిన కాస్మోస్-2251 అను రష్యా ఉపగ్రహము ఢీకొనెను. సెకనుకు పదకొండు కిలోమీటర్లకు పైబడిన వేగముతో జరిగిన ఆ తాకిడిలో రెండును ముక్కలై, గుర్తింపదగినంత పెద్ద శకలములే రెండు వేలవరకు ఏర్పడెను. ఆ శకలములలో ప్రతిదియు మరియొక ఉపగ్రహమునకు అపాయమే. ఒకదాని జాడను మరియొకదానిదిగా భ్రమించినచో, రాబోవు తాకిడిని ముందుగా తెలిసికొనలేము. లేని తాకిడికి బెదరి ఉన్న ఇంధనమును వ్యర్థము చేయుదుము.

విమానముల రాకపోకలను చూచుచోటను, సూక్ష్మదర్శిని క్రింద జీవకణముల కదలికను లెక్కించుచోటను, మానవుడు నడుపని మోటారుబండ్లు వీథిలోని జనులను గమనించుచోటను ఇదే లెక్క నడుచుచున్నది.

ఎంతవరకు తెలియగలదు?

ఎంత నేర్పరియైనను, ఎంత గొప్ప యంత్రమున్నను, తప్పును సున్న చేయగలడా? చేయలేడు. నిర్ణీతమైన సమాచారము నుండి పక్షపాతము లేని అంచనా వేయునప్పుడు విస్తృతి ఒక హద్దుకంటె తగ్గదని రాధాకృష్ణరావుగారు 1945లో నిరూపించిరి. స్వీడను దేశీయుడైన హెరాల్డ్ క్రామెర్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొనుటచే అది “క్రామెర్-రావు హద్దు” అని పేరొందినది. రావుగారికి 2023లో సాంఖ్యక శాస్త్రమందలి అంతర్జాతీయ బహుమతి లభించెను; ఆ సంవత్సరమే ఆగస్టు 22న వారు పరమపదించిరి.

జాడ పట్టువారికి ఈ హద్దు గొప్ప సహాయము. తమ పద్ధతి హద్దును చేరినదని తెలిసిన, ఇంకను లెక్కలు పెంచుట వృథా. మేలైన రాడారును తేవలెను, లేదా ఇంకొంతసేపు చూడవలెను. రెండు దీపములు కంటికి ఒకే దీపముగా కలిసి కనబడు వేళ “అవి రెండున్నవి, కాని ఇప్పుడు వేరు చేయలేము” అని చెప్పుటయే సరియైన సమాధానము. అట్లు చెప్పి, రెండు కథలను నిలుపుకొనినవాడు తరువాత రోగి పుట్టిని కనుగొనగలడు. తెలియనిది తెలిసినట్లు వ్రాసికొనినవాడు అటుపిమ్మట వచ్చిన మంచి సాక్ష్యమును కూడ తప్పు పుట్టికే చేర్చుచుండును. చూపులోని తప్పు ఒక నిమిషముతో పోవును; జతలోని తప్పు వెంటాడుచునే యుండును.

పిల్లలకు ఒక లెక్క

పై విషయములో పాఠశాల గణితమునకు మించినది స్వల్పమే. సరాసరి, వర్గములు, భాగహారము, ప్రస్తారములు తెలిసిన విద్యార్థి దీనిలో చాల భాగమును తెలుగులోనే కట్టి చూడగలడు. తెలుగులో చదివిన గణితము పిల్లలను ఎంతదూరము తీసికొనిపోవునో యని చింతించు తల్లిదండ్రులు ఈ లెక్కను వారిచేత ఎదుట చేయించి చూచెదరు గాక. రెండు పుట్లు 50, 55 మీటర్ల వద్ద నుండవలయునని ఊహ. దీపములు 54, 58 మీటర్ల వద్ద కనబడినవి. రెండు కూర్పులకును ఎడముల వర్గముల మొత్తమెంత? ఏ కూర్పు మేలు? మొదట అన్నిటికంటె దగ్గరి జతను పట్టుకొనినవాడు ఏ మొత్తమునకు చేరును? 25, 65 అను అంకెలు వచ్చినచో లెక్క సరియైనది. పిమ్మట మూడవ పుట్టిని చేర్చి, ఆరు కూర్పులను వ్రాసి చూడుడు.